పిస్టల్‌తో జింక వేట: ఏ బుల్లెట్ తీసుకోవాలి?

ప్రశ్న (ఆస్టిన్ నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. నేను హెచ్-1బి మీద వచ్చి ఆస్టిన్‌లో ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలైంది. మా టీమ్ లీడ్ ప్రతి నవంబరులోనూ లానో కౌంటీలో తన మామగారి రాంచ్‌కు జింకల వేటకు వెళతారు. ఈసారి నన్ను కూడా రమ్మన్నారు. ఆయన రైఫిల్ వాడరు. థాంప్సన్ సెంటర్ కంటెండర్ అనే పిస్టల్ వాడతారు. దాని బ్యారెల్ పద్నాలుగు అంగుళాలు, ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. దానిని చూసినప్పటి నుంచి నాకూ అలాంటిదే కొనుక్కోవాలని ఉంది. .30-30 బ్యారెల్‌తో పాతది ఒకటి అమ్మకానికి కనిపించింది కూడా. తీరా దుకాణానికి వెళ్లి చూస్తే ఆ ఒక్క సైజులోనే ఎన్నో రకాల తూటాల పెట్టెలు ఉన్నాయి, సగం పెట్టెల మీద జింక బొమ్మే ఉంది. వీటిలో ఏది తీసుకోవాలి? ఎంత దూరం వరకు కాల్చవచ్చు? మా ఊళ్లో పంది కాపలాకు పెట్టుకున్న నాటు తుపాకిని దూరం నుంచి చూడటమే తప్ప నేను ఏనాడూ తుపాకి పట్టలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

జవాబు (శాన్ ఆంటోనియో నుంచి)

తమ్ముడూ, బుల్లెట్ సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు మీ వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టంలోని 18వ శీర్షిక, 922వ సెక్షన్ ప్రకారం నేరం. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. కాబట్టి మొదట లైసెన్సు, ఆ తరువాతే తుపాకి. దుకాణంలో 4473 అనే ఫారం నింపేటప్పుడు ఆ లైసెన్సునూ, టెక్సాస్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డునూ చూపించవలసి ఉంటుంది.

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడ కాదు, ఆ తరువాత. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. సెప్టెంబరు 1న మీరు ఆఫీసులో కూర్చుని పని చేసుకుంటూ ఉన్నా, కొత్త లైసెన్సు తీసుకోకపోతే, ఇంట్లో అలమరలో ఉన్న ఆ పిస్టల్ మిమ్మల్ని నేరస్థుడిని చేస్తుంది. కొత్త సంవత్సరపు లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి గనుక ఆ వారంలోనే కొనేయండి. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తూ ఉంటే మీ ఇమిగ్రేషన్ లాయరును కూడా ఒక మాట అడగండి. ఆయన వద్దంటే మానేయండి, జింకలు ఎక్కడికీ పోవు. 1971 సెప్టెంబరు 2 నాడు గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ అనే కోర్సు కూడా పూర్తి చేయాలి. పదిహేడేళ్లు నిండినవారు దానిని ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు.

ఇక మీరు అడిగిన విషయానికి వస్తాను. మనం తూటా, గుండు, బుల్లెట్ అనే మాటలను ఒకదానికి ఒకటిగా వాడేస్తాము, ఇక్కడ అది పనికిరాదు. తూటా అంటే ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రగిలించే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్, ఇవన్నీ కలిసినది. బ్యారెల్ లోంచి బయటికి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. వేట బుల్లెట్ జింక ఒంట్లోకి వెళ్లగానే ముందుభాగం పూరేకుల్లా విచ్చుకుని వెడల్పు కావాలి, అప్పుడే ఊపిరితిత్తులలో తగినంత గాయమై జింక త్వరగా పడిపోతుంది. విచ్చుకోవాలంటే బుల్లెట్‌కు వేగం కావాలి. చాలా రైఫిల్ బుల్లెట్లకు తగిలే సమయంలో సెకనుకు సుమారు 1800 అడుగుల వేగమైనా ఉండాలి, గట్టివాటికి అంతకంటే ఎక్కువే కావాలి. అది లేకపోతే బుల్లెట్ విచ్చుకోకుండా దబ్బనంలా ఇటు నుంచి అటు దూసుకుపోతుంది.

పొట్టి బ్యారెల్‌తో వచ్చే చిక్కంతా ఇదే. మీరు చూసిన .30-30 పెట్టె మీద 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌కు 2390 అడుగుల వేగం అని రాసి ఉంటే, అది 24 అంగుళాల రైఫిల్ బ్యారెల్‌లో కొలిచిన లెక్క. మీ పద్నాలుగు అంగుళాల బ్యారెల్‌లో మందు పూర్తిగా తన బలం చూపకముందే బుల్లెట్ బయటపడుతుంది. 2000, 2100 వస్తే అదే ఎక్కువ. దుకాణం వాళ్లలో చాలామంది రైఫిల్‌నే దృష్టిలో పెట్టుకుని సలహా ఇస్తారు, అందుకని పెట్టె మీది అంకెను నమ్మి బేరం ఆడకండి. జింక దగ్గరికి చేరేసరికి ఆ బుల్లెట్‌కు ఎంత వేగం మిగులుతుందన్నదే మీరు వేసుకోవలసిన లెక్క.

ఈ పాఠం నేను ఒక జింకను హింసపెట్టి నేర్చుకున్నాను. కంటెండర్ కొన్న మొదటి ఏడాది, తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునే ఒక మిత్రుడు తన దగ్గర మిగిలి ఉన్న గట్టి బుల్లెట్లతో నాకు ఇరవై తూటాలు చేసి ఇచ్చాడు. అవి పెద్ద మాగ్నమ్ రైఫిళ్ల నుంచి ఎల్క్ వంటి బరువైన జంతువుల మీద వాడేవి. ఖరీదైనవి కదా, మంచివే అయి ఉంటాయనుకున్నాను. 140 గజాల దూరంలో నిలబడిన మగ జింకకు గురి సరిగ్గానే తగిలింది. కానీ అది ఏమీ కానట్టు తోక ఎత్తి సెడార్ పొదల్లోకి పరుగెత్తింది. టార్చి పట్టుకుని, గడ్డి పరకల మీద మిరపగింజంత నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ రెండున్నర గంటలు తిరిగిన తరువాత దొరికింది. చర్మం ఒలిచి చూస్తే లోపలికి వెళ్లిన రంధ్రమూ బయటికి వచ్చిన రంధ్రమూ రెండూ పెన్సిలు మందమే. బుల్లెట్ అసలు విచ్చుకోనే లేదు. ఆ పెట్టెలో మిగిలిన తూటాలను అట్టముక్కల మీద కాల్చి ఖర్చు చేశాను.

అందుచేత నా సలహా చెబుతాను. మీరు తూటాలు సొంతంగా చేసుకునేవారు కారు గనుక, మొదటి ఏడాదికి .30-30లో దొరికే మామూలు సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే) తూటాలే తీసుకోండి. .30-30 అనేది 1895 నాటిది. దాని కోసమే చేసిన బుల్లెట్లు మొదటి నుంచీ తక్కువ వేగానికి తగినట్టు మెత్తగానే ఉంటాయి. 100 గజాల లోపల మీ పిస్టల్‌లో అవి చక్కగా పని చేస్తాయి. అయితే వాటి ముక్కు చదునుగా ఉంటుంది, గాలికి త్వరగా వేగం కోల్పోతాయి. చదునుగా ఎందుకు చేస్తారంటే, చేతితో మీట లాగి తూటా ఎక్కించే లివర్ రైఫిళ్లలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. ముక్కు మొనదేరి ఉంటే ముందున్న తూటా ప్రైమరును పొడిచి పేల్చే ప్రమాదం ఉంది. హోర్నడీ వారి లెవరెవల్యూషన్ తూటాలలో ముక్కుకు రబ్బరు లాంటి మెత్తటి మొన పెట్టి ఆ చిక్కు తప్పించారు, అవి మరికొంత దూరం వెళతాయి.

మీ కంటెండర్‌కు ఆ గొట్టమే లేదు కాబట్టి మొనదేరిన బుల్లెట్లు నిశ్చింతగా వాడవచ్చు. మీ టీమ్ లీడ్ తూటాలు సొంతంగా చేసుకుంటారేమో అడగండి. చేసుకునేవారైతే ఆయన వాడేది బహుశా 125 గ్రెయిన్ల నోస్లర్ బాలిస్టిక్ టిప్ గానీ, సియెర్రా వారు ఇలాంటి పిస్టళ్ల కోసమే చేసిన 135 గ్రెయిన్ల ప్రో-హంటర్ గానీ అయి ఉంటుంది. మొదటిది పిస్టల్ నుంచి 2200 అడుగుల వేగంతో బయలుదేరితే 100 గజాల దగ్గర సుమారు 1975, 200 గజాల దగ్గర సుమారు 1765 మిగులుతుంది. అంటే 175 గజాలు దాటితే ఆ బుల్లెట్ మీద భరోసా పెట్టుకోకూడదు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే ఏ పెట్టె కొనాలో మరొకరిని అడగవలసిన అవసరమే రాదు. మరొక మాట: వేగం బాగా పడిపోయేవాటికి మెత్తటి బుల్లెట్ మంచిదని చెప్పాను గదా అని, ఉడుతలను, కయోటీలను కొట్టడానికి చేసిన పలుచటి వార్మింట్ బుల్లెట్లు తీసుకోకండి, అవి భుజం ఎముక మీదనే పగిలిపోతాయి.

రివాల్వరు వేరే సంగతి. .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల బుల్లెట్ 1350 అడుగులకు అటూ ఇటూగా వెళుతుంది. ఆ వేగానికే విచ్చుకునేలా ఆ బుల్లెట్లను తయారుచేస్తారు, పైగా వాటి మందమే ఎక్కువ. వాటి లెక్కలు మీ పిస్టల్‌కు, మీ లెక్కలు వాటికి అన్వయించవు.

దూరం విషయంలో బుల్లెట్ కంటే మీ చేయే ముందు చేతులెత్తేస్తుంది. రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాల్చినప్పుడు ముందు చెక్క కింద సంచి ఉండాలి, బ్యారెల్ దేనికీ ఆనకూడదు, ఆనితే దెబ్బ పైకి పోతుంది. ఆ తరువాత బల్ల వదిలేసి, మంచె మీద కూర్చున్నట్టే కూర్చుని, తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు మీద కాల్చండి. అయిదుకు అయిదూ ప్లేటులోనే పడే దూరం ఎంతో, అదే మీ వేట దూరం. నాకు ఎనిమిదేళ్ల తరువాత కూడా అది 120 గజాలే. పిస్టల్ కోసం చేసిన స్కోపునే బిగించుకోండి. రైఫిల్ స్కోపు అయితే కన్ను దగ్గరగా పెట్టాలి, పిస్టల్ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ చీలుతుంది. చెవులకు లోపల ఒక ప్లగ్, పైన ఒక మఫ్ పెట్టుకోండి, పొట్టి బ్యారెల్ శబ్దం రైఫిల్ కంటే దారుణంగా ఉంటుంది.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

అన్నగారు చెప్పినదంతా సబబుగా ఉంది. రెండు విషయాలు మాత్రం కలుపుతాను, తమ్ముడు నొచ్చుకోకూడదు.

మొదటిది, కంటెండర్‌కు బ్యారెళ్లు, చేతిపిడులు మార్చుకునే వీలు ఉంది. ఎవరో రైఫిల్ వెనుకచెక్క చవకగా ఇస్తున్నారని పద్నాలుగు అంగుళాల బ్యారెల్‌తో దానిని బిగించారంటే అది పొట్టి రైఫిల్ కిందికి వస్తుంది. రిజిస్టరు చేయకుండా ఉంచుకోవడం 1934 నాటి చట్టం ప్రకారం పెద్ద నేరం. భుజానికి ఆనించే చెక్క పెట్టాలంటే బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు. ఈ పిస్టల్ తయారీదారుకూ ప్రభుత్వానికీ ఇదే విషయంలో జరిగిన వ్యాజ్యం 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు విధాలుగానూ చట్టబద్ధంగా బిగించుకోగల కిట్‌ను అమ్మినంత మాత్రాన తప్పు కాదని కంపెనీ పక్షానే తీర్పు వచ్చింది. కానీ తప్పు జోడీలో బిగించినవారిని ఆ తీర్పు ఏమీ కాపాడదు.

రెండవది, వేటకు తీసుకెళ్లిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగు మడతలో ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్‌లో స్కానర్‌లో కనిపించినా, ఖాళీ ఇత్తడి గొట్టమైనా, ఆయుధాల చట్టం కింద కేసు దాకా పోయే వ్యవహారం. మా ఇంట్లో వేట బ్యాగుకు ఎర్ర రిబ్బను కట్టి గరాజ్‌లోనే ఉంచుతాము, అది ఇంట్లోకి రాదు.

ప్రశ్న (ఆస్టిన్ నుంచి)

అన్నగారికి, అక్కగారికి కృతజ్ఞతలు. ఆగస్టు 31 సంగతి మా లీడ్‌కు కూడా తెలియదు, ఆయనకు ఆ అవసరం లేదు కదా. ఇంకొక్క సందేహం. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. మాంసంలో సీసం తునకలు ఉంటాయని మా ఆవిడ భయపడుతోంది. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లు వాడవచ్చా?

జవాబు (శాన్ ఆంటోనియో నుంచి)

ఆమె భయం అర్థవంతమైనదే. సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనపడని తునకలు గాయం చుట్టూ చెదురుతాయి. చిన్నపిల్లలకు అది అసలు పెట్టకూడదు. రాగి బుల్లెట్లు వాడవచ్చు, కానీ మీ పిస్టల్ విషయంలో ఎంపిక ఇంకా జాగ్రత్తగా చేయాలి. రాగి సీసం కంటే గట్టిది, విచ్చుకోవడానికి ఎక్కువ వేగం అడుగుతుంది. .308 రైఫిల్‌కు చేసిన 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ మీ బ్యారెల్ నుంచి కాలిస్తే నాకు జరిగినదే మీకూ జరుగుతుంది. .300 బ్లాకౌట్ అనే చిన్న తూటా కోసం బార్న్స్ వారు చేసిన 110 గ్రెయిన్ల టాక్-టిఎక్స్ మాత్రం తక్కువ వేగానికే విచ్చుకునేలా చేసినది; దాని అడ్డుకొలత మాత్రం .30-30 బుల్లెట్‌దే. మీ లీడ్ తూటాలు చేసేవారైతే, లోడింగ్ పుస్తకంలో 110 గ్రెయిన్లకు ఇచ్చిన మందు కొలతలను చూసి అది బిగించి ఇవ్వమనండి. బ్లాకౌట్ తూటానే తెచ్చి మీ బ్యారెల్‌లో పెట్టే ప్రయత్నం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

సీసపు బుల్లెట్‌తో కొట్టిన జింక అయితే, గాయం చుట్టూ నెత్తురు గడ్డకట్టిన మాంసమే కాక దానికి అవతల జానెడు మేర కోసి పారేయండి. ముందుకాలి వెనుక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తులో కొడితే పాడయ్యేది పక్కటెముకల మీది పలుచటి మాంసమే, వేపుడుకు పనికొచ్చే తొడలు, వీపు భాగం అలాగే ఉంటాయి. కాల్చిన వెంటనే మంచె దిగకండి, అరగంట ఆగండి. మీరు కాగితం లైసెన్సు తీసుకుంటే, జింక దొరికిన చోటనే, లైసెన్సుతో వచ్చే, జింకకు కట్టే టాగ్ మీద నెల, తేదీ పెన్నుతో గీయడం కాదు, కత్తిరించాలి. చిన్న చాకు ఒకటి చొక్కా జేబులోనే ఉంచుకోండి, పెద్ద కత్తితో ఆ పని చేయబోతే పక్క తేదీ కూడా ఊడిపోతుంది.