నెల్లూరు నుంచి హైదరాబాద్ ఫ్లైటుకి రేణిగుంటా, చెన్నైయా?

మూలాపేట: అమ్మను వచ్చే నెల హైదరాబాద్ పంపాలి. మోకాళ్ల నొప్పులు, వందేభారత్‌లో ఆరున్నర గంటలు కూర్చోలేదు. రేణిగుంట నుంచి శంషాబాద్ సుమారు 420 కిలోమీటర్లు, చెన్నై నుంచి 510. టికెట్ల మీద మాత్రం రెండింటికీ గంటా పావు దాకా చూపిస్తోంది. ఇదెట్టా?

పెన్నా గట్టు: 420 అంటే గాల్లో సూటిగా కొలిచింది. టికెట్ మీద టైము, విమానం నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు అవతల పూర్తిగా ఆగేదాకా. రన్‌వే దాకా మెల్లగా పోయేది, వరసలో ఆగేది అంతా అందులోనే. పైగా రేణిగుంట నుంచి ఏటీఆర్ వేస్తే, రెక్కలకి పంకాలుండే చిన్న విమానం, గంటకి 500 పోతుంది. చెన్నై జెట్ 800. 90 కిలోమీటర్ల తేడా అక్కడే సరిపోయింది.

కావలి కుర్రోడు: వీల్‌చెయిర్ టికెట్ తీసేటప్పుడే చెప్పన్నా.

రిటైర్డ్ తాత: గాల్లో లెక్క ఎవరిక్కావాలయ్యా! రోడ్డు మీద రేణిగుంట 130, చెన్నై 190. పోయినేడు మనవరాలి బారసాలకి చెన్నై నుంచి టికెట్ తీశాం. రెడ్‌హిల్స్ దగ్గర రెండు గంటలు కదల్లేదు. ఒళ్లో మలై కాజాల డబ్బా, పాకం కారి పంచె తొడకి అతుక్కుపోయింది. ఫ్లైటు పోయింది, బారసాలా పోయింది.

పెన్నా గట్టు: అది రోడ్డు టైము తాతా. ఆయన అడిగింది ఫ్లైటు టైము.

రిటైర్డ్ తాత: రోడ్డెక్కకుండా ఫ్లైటెక్కుతామా? దగదర్తిలో ఎయిర్‌పోర్టు వచ్చుంటే అరగంటలో చేరేవాణ్ణి.

పెన్నా గట్టు: వచ్చిందనే అనుకోండి దగదర్తి! గంట ముందు చేరాలి, గంట పైన ప్రయాణం, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఇంకో గంటన్నర. మిగిలేది ఎంత?

రిటైర్డ్ తాత: నీకెందుకయ్యా అంత మంట? లేని ఎయిర్‌పోర్టు మీద కూడా లెక్కలేనా?

పెన్నా గట్టు: ఎందుకంటే మా మూడెకరాలు ఆ పక్కనే. కొలతలకని వచ్చి గట్టు మీద రాళ్లు పాతిపోయారు. కొనేవాడు రాడు, బోరు వేద్దామంటే నాన్న వద్దంటాడు. మీకు రెండు గంటలు మిగలడం కోసం మేం ఏళ్ల తరబడి ఆ రాళ్ల వంక చూస్తున్నాం.

రిటైర్డ్ తాత: ఈ మాట మొదటే చెప్పచ్చు గదా. అయినా మాకూ ఒక ఎయిర్‌పోర్టు కావాలి.

పెన్నా గట్టు: కావాలి. మీ పొలంలో కట్టించుకోండి.

మూలాపేట: అన్నల్లారా, అమ్మకి చదివి వినిపించా. "వీళ్లు తేల్చేలోపు నారాయణాద్రిలో కింద బెర్తు మీద పడుకుని తెల్లారేసరికి దిగేదాన్ని" అంటోంది. దానికే తీస్తున్నా.

కావలి కుర్రోడు: వీల్‌చెయిర్ చెప్పారా లేదా?