ఆన్‌లైన్ తెలుగు క్లాసులో కెమెరా తప్పనిసరి చేయాలా?

గుణుపురం మాస్టారు:
అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మనం నడుపుతున్న తెలుగు క్లాసు సంగతి ఇక్కడ తేల్చుకుందామని పెడుతున్నాను. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒడిశాలో గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు. బళ్లో చదువు మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో. పార్వతీపురం బస్సెక్కాలంటే బోర్డు చదవలేక పక్కవాళ్లను అడుగుతారు. అందుకే నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని పోగేసి జూమ్‌లో చదవడం, రాయడం నేర్పుతున్నాం. ఒకే బిగిన గంటన్నర.

గొడవేంటంటే, తెర మీద పేర్లు ముప్పై దాకా ఉంటాయి, మనుషులు ఎంతమంది ఉన్నారో దేవుడికే తెలియాలి. అన్నీ నల్లటి గళ్లే. ఒకడు తన పేరు తీసేసి 'రీకనెక్టింగ్...' అని పెట్టుకున్నాడు. చదవమని పిలిచే వేళకి పాపం ఎప్పుడూ వాడికి నెట్ పోయే ఉంటుంది! ఇంకొకడు నేను గుణింతం చూపిస్తుంటే 'కౌ' మీద మీసాలు గీశాడు. చాట్‌లో ఒడియాలో ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారు, మాస్టారికి ఒడియా రాదనుకున్నారో ఏమో.

నా ప్రతిపాదన ఇదీ: వచ్చే నెల నుంచి కెమెరా తప్పనిసరి. ఐదు నిమిషాలకు మించి ఆపితే వెయిటింగ్ రూమ్‌లోకి పంపడం. మూడు ఆదివారాలు అలా జరిగితే పేరు తీసేయడం. మొహమాటం లేకుండా చెప్పండి.

జయపురం ట్యూషన్:
నా ఓటు మీకే మాస్టారూ. బళ్లో పిల్లాడు తల మీద చొక్కా కప్పుకుని కూర్చుంటే ఊరుకుంటామా? ఇక్కడెందుకు ఊరుకోవాలి? డబ్బులు తీసుకోకుండా చెప్తున్న చదువు కదా అని లోకువ.

రాయగడ అమ్మ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఈ రూలు పెడితే మా పాప మానేస్తుంది. మాది రెండు గదుల ఇల్లు. ఆదివారం సాయంత్రం ముందు గదిలో మా మామగారు టీవీ చూస్తుంటారు. పాప లోపలి గదిలో మంచం మూల కూర్చుంటుంది, వెనకాల తాడు మీద బట్టలు. ఏడో తరగతి పిల్ల. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి, స్టిక్కర్ చేసి వాట్సాప్‌లో తిప్పుతారని దాని భయం. ఉత్తుత్తి భయం కాదు, దాని బడి గ్రూపులో ఒకమ్మాయికి అలాగే చేశారు.

ఇంకోటి. ఫోను వాళ్ల నాన్నది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. వీడియోతో గంటన్నర కూర్చుంటే అందులో పెద్ద వాటా అక్కడికే పోతుంది. రాత్రికి ఆయన పని మెసేజ్‌లు ఎలా చూసుకుంటారు? 'లోకువ' అన్న అన్నగారికి ఒక మాట: మా పాప కెమెరా పెట్టదు గానీ, మీరు చెప్పిన పద్యం ఇంట్లో అందరికీ అప్పజెప్పి వినిపిస్తుంది.

బరంపురం లెక్చరర్:
ఈ కెమెరా పంచాయితీ మనతో మొదలైంది కాదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు అధ్యాపకులు తమ విద్యార్థులనే అడిగి 2021లో ఒక వ్యాసం అచ్చువేశారు. కెమెరా ఎందుకు పెట్టరంటే 41 శాతం మంది చెప్పిన కారణం, తాము ఎలా కనిపిస్తామోనన్న బెంగ. వెనక కనిపించే మనుషులు, ఇల్లు, సరిగ్గా అందని నెట్ కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. అంటే రాయగడ చెల్లెమ్మ చెప్పినవే. నిర్బంధం వద్దు, కెమెరా ఎందుకు అడుగుతున్నామో చెప్పి ఒప్పించండి అన్నది వాళ్ల సలహా.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ అనే ఆయన వీడియో మీటింగుల్లో అలసట ఎందుకొస్తుందో రాశారు. అంతమంది ముఖాలు దగ్గరగా మన వైపే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనమే అదేపనిగా చూసుకోవడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, తల ఊపడం లాంటి చిన్న సైగకు కూడా ఎక్కువ శ్రమ పడాల్సి రావడం. పెద్దవాళ్లకే ఇంత ఇబ్బంది అయితే పదేళ్ల పిల్ల మాటేమిటి?

అసలు నా అభ్యంతరం కెమెరా మీద కాదు, గంటన్నర మీద. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' అని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకి రెండు విడతలకు మించి ఆన్‌లైన్ పాఠం వద్దు, ఒక్కో విడత 30 నుంచి 45 నిమిషాలు చాలు అంది. మనం ఆ రెండు విడతలూ కలిపి, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వకుండా చెప్తున్నాం. మీసాలు గియ్యక ఏం చేస్తాడండీ వాడు!

జయపురం ట్యూషన్:
లెక్చరర్ గారూ, కార్నెల్ పిల్లలకు అక్షరాలు వచ్చు. మన వాళ్లకు రావు. అక్కడే తేడా.

కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. మన పిల్లలకు ముందు పట్టుబడింది ఒడియా అక్షరం. దాని పైన గుండ్రటి వంపు అక్షరంతో పాటే వచ్చేస్తుంది. మన తలకట్టు విడిగా పెట్టాలి. వీళ్లు దాన్ని మర్చిపోతారు, లేదంటే ముందు తలకట్టు పెట్టేసి దాని కింద అక్షరాన్ని ఇరికిస్తారు. రాసింది ఫోటో తీసి పంపితే బాగానే ఉంటుంది. చెయ్యి ఎటునుంచి ఎటు తిరిగిందో ఆ ఫోటోలో తెలియదు కదా. అది అలవాటైపోతే ఎనిమిదో తరగతిలో వేగంగా రాయమన్నప్పుడు చెయ్యి చిక్కుపడిపోతుంది.

చదవడంలోనూ అంతే. 'కమల' అని రాస్తే ఒడియా ధోరణిలో 'కొమొలొ' అంటారు. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. అందుకని 'మెడ', 'మేడ' ఒకేలా చదివేస్తారు. ఇవన్నీ కనిపెట్టి దిద్దాలంటే పిల్లాడు కళ్ల ముందుండాలి. నల్లటి గడికి ఏం దిద్దుతాం?

బరంపురం లెక్చరర్:
మీరు చెప్పిందంతా నిజమే, కానీ అది మీ వాదనకే అడ్డం తిరిగింది చూడండి. 'కొమొలొ' చెవికి వినిపిస్తుంది, దానికి మైకు చాలు. తలకట్టు చూడాలంటే కెమెరా నోటుబుక్కు మీద ఉండాలి. ఈ రెండింటిలో దేనికీ పిల్ల ముఖం అక్కర్లేదు.

జయపురం ట్యూషన్:
అర్థం కానప్పుడు పిల్లాడి ముఖం చెప్తుందండీ. నోరు చెప్పదు. 'అర్థమైందా' అంటే ముప్పై మందీ 'ఎస్ సార్' అని చాట్‌లో కొడతారు. ముఖం చూస్తేనే కదా ఆగి మళ్లీ చెప్పాలో వద్దో తెలిసేది. దీనికేమంటారు?

పర్లాకిమిడి కుర్రాడు:
పెద్దల మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను ఇప్పుడు డిగ్రీ. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తొమ్మిదో తరగతి. అవతలి పక్క కూర్చున్నవాడిగా చెప్తున్నాను.

కెమెరా పెట్టమన్నారు, పెట్టాం. ముఖం అక్కడే, తెర మీద గేమ్. కళ్లు తెర వైపే ఉంటాయి కాబట్టి సార్‌కి మేము మహా శ్రద్ధగా వింటున్నట్టే. మా వాడొకడు తను తల ఊపుతున్న వీడియో తీసుకుని బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, తను పక్కకు జరిగిపోయాడు. పిల్లల తెలివితేటల ముందు మీ రూలు నిలబడదు సార్.

మేము ఎవరికీ చిక్కకుండా తిరిగిన రోజుల్లో, ఒక్క లెక్కల సార్ క్లాసు మాత్రం ఎగ్గొట్టేవాళ్లం కాదు. ఆయన కెమెరా అడగలేదు. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసుకునేవారు. ముందు ప్రశ్న చదివేవారు. తర్వాత కాసేపు మాట్లాడేవారు కాదు. ఆ తర్వాత చీటీ తీసేవారు. ఎవరి పేరొస్తుందో తెలియదు కాబట్టి అందరం లెక్క చేసి పెట్టుకునేవాళ్లం. తెలియకపోతే 'పాస్' అనొచ్చు, తిట్టరు. కానీ ఆ చీటీ మళ్లీ డబ్బాలోకి వెళ్తుంది. మాకు అదే పెద్ద భయం, అదే పెద్ద సరదా.

బరంపురం లెక్చరర్:
ఆ 'మాట్లాడేవారు కాదు' అన్నదగ్గరే ఉంది కిటుకు. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే దీని మీద పనిచేశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, నోరు విప్పనివాళ్లు కూడా విప్పుతారని చూపించారు. ఆన్‌లైన్‌లో మూడు చాలవు. మ్యూట్ తియ్యాలి, నెట్ అందుకోవాలి. నేనైతే లోపల పది లెక్కపెట్టుకుంటాను. ఆ నిశ్శబ్దం మాస్టార్లకే కష్టం, పిల్లలకు కాదు.

జయపురం వారి ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. 'అర్థమైందా' అని అడగడం మానేద్దాం. 'ఈ మాటలో దీర్ఘం ఎక్కడుంది' అని అడిగి, చీటీ తీద్దాం. వచ్చిందో రాలేదో జవాబే చెప్తుంది.

జయపురం ట్యూషన్:
ముప్పై చీటీల్లో నోరు విప్పని పిల్ల చీటీ ఎప్పుడొస్తుంది? మూడు వారాలకా? ముఖమైతే ఒక్క చూపులో తెలిసేది. నేను ఒప్పుకోను.

గజపతి కొండబడి:
మీరంతా నెట్ ఉందనుకుని మాట్లాడుతున్నారు. మా వైపు వానాకాలం సాయంత్రం ఒక్క ఉరుము ఉరిమితే కరెంటు పోతుంది. ఆ తర్వాత టవరు బ్యాటరీ ఉన్నంతసేపే సిగ్నలు. కెమెరా పెట్టనివాడిని వెయిటింగ్ రూమ్‌లోకి పంపితే, ముందు పోయేది కొండ మీద పిల్లలే. అల్లరి చేసేవాళ్లు టౌనులో, వైఫై ఉన్న ఇళ్లల్లో ఉంటారు.

2020లో ఒడిశా ప్రభుత్వం రేడియో పాఠశాల అని చిన్న తరగతులకు పాఠాలు రేడియోలో వేసింది. అటు ముఖం లేదు, ఇటు ముఖం లేదు. విన్నవాళ్లు విన్నారు. దాన్ని గొప్ప అనడం లేదు, ప్రశ్న అడగడానికి లేకపోవడం పెద్ద లోటే. నేను చేసేది చెప్తాను: నాలుగు వాక్యాలు పంపి, చదివి వాయిస్ మెసేజ్ పెట్టమంటాను. సిగ్నల్ దొరికినప్పుడు పెడతారు. నేను విని, తప్పు పలికిన మాటను నేను పలికి తిరిగి పంపుతాను. తోటివాళ్లు వినరు కాబట్టి సిగ్గు ఉండదు. జయపురం వారు బెంగపడ్డ నోరు విప్పని పిల్ల అక్కడ బాగా మాట్లాడుతుంది.

ఇంకొకటి, మాస్టారు చాట్‌లో ఒడియా అని బాధపడ్డారు. పిల్లలకు తెలుగు టైప్ చెయ్యడం రాదు, ఒడియా వచ్చు. మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. మనం ఒడియాలో వచ్చిన జవాబు చదివి సరే అనలేమా?

జయపురం ట్యూషన్:
జవాబైతే సరే. వాళ్లు రాసేది 'నీ ముక్కు బంగాళాదుంప' అని. గిడుగు వారిని దీనిలోకి లాగకండి.

రాయగడ అమ్మ:
అన్నా, నవ్వించారు. ఆ ముక్కు మా పాపదే.

కొండబడి మాస్టారు చెప్పిన వాయిస్ మెసేజ్ పద్ధతి మాకు చాలా బాగుంటుంది. నోటుబుక్కు చూపించడానికి కూడా పాప ఒప్పుకుంటుంది, ఇప్పుడే అడిగాను. 'నా చెయ్యే కదా, నేను కాదు కదా' అంది.

గుణుపురం మాస్టారు:
అందరిదీ చదివాను. వచ్చే ఆదివారం నుంచి ఇలా నడుపుదాం, రెండు నెలలు చూద్దాం.

గంటన్నర తీసేస్తున్నాను. నలభై నిమిషాలు, పదిహేను నిమిషాల విరామం, మళ్లీ నలభై నిమిషాలు. జూమ్ ఉచిత ఖాతా ఎలాగూ నలభై నిమిషాలకు మీటింగ్ ఆపేస్తుంది, బడి గంట కొట్టే పని తప్పింది. మొదటి విడత చదవడం: కెమెరా అక్కర్లేదు, చీటీల పద్ధతి. పలకని పిల్లల చీటీలు రెండేసి వేస్తాను, ఇది జయపురం వారి కోసం. రెండో విడత రాయడం: ఒక్కోసారి ఐదారుగురు, కెమెరా నోటుబుక్కు మీద, వాళ్ల వంతు అయ్యాక ఆపేసుకోవచ్చు. సిగ్నల్ లేనివాళ్లకు వాయిస్ మెసేజ్, ఆ పని కొండబడి వారూ నేనూ పంచుకుంటాం.

పేరు మార్చుకునే వీలు, స్క్రీన్ మీద గీసే వీలు సెట్టింగుల్లో ఆపేశాను. చాట్ నాకొక్కడికే వచ్చేలా పెట్టాను, ఇక ముక్కులూ బంగాళాదుంపలూ నాకే పంపాలి. పేరు తీసేసే నిబంధన మాత్రం ఉంచుతున్నాను. కెమెరా కోసం కాదు, వరసగా మూడు వారాలు పిలిచినా పలకనివాళ్లకు. అదీ ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాకే.

రాయగడ అమ్మ:
ఫోన్ చేస్తే రాత్రి ఎనిమిది దాటాక చేయండి మాస్టారూ. అంతవరకూ ఫోను ఆయన దగ్గరే ఉంటుంది.

జయపురం ట్యూషన్:
నేను ఒప్పుకోలేదని రాసి పెట్టుకోండి. నా దగ్గర చదివే నలుగురు పిల్లలు మా ఇంటి వరండాలోంచే చేరతారు, వాళ్ల ముఖాలు నేనే చూసుకుంటాను.

పర్లాకిమిడి కుర్రాడు:
సార్, నోటుబుక్కు చూపించేటప్పుడు ఒక్కటి. ముందు కెమెరా పెడితే తమ తెర మీద అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తాయి. మీకు సరిగ్గానే కనిపిస్తాయి గానీ, చిన్నపిల్లలు తామే తప్పు రాశామనుకుని చెరిపేస్తారు. మొదటి రోజే చెప్పెయ్యండి. వెనక కెమెరాకి మార్చుకుంటే ఈ గోలే ఉండదు, ఫోను నాలుగు పుస్తకాల దొంతర మీద పెట్టి కిందికి వంచితే చాలు. చిన్న వీడియో తీసి గ్రూపులో పెడతాను.