సైకిల్‌పై ప్రపంచయాత్ర: మొదటి స్పాన్సర్‌ని ఎలా పట్టుకోవాలి?

నాకు 18 ఏళ్లు, మాది గుంటూరు. తలసీమియా పిల్లల కోసం పనిచేసే ఒక ట్రస్టుకు విరాళాలు సేకరిస్తూ సైకిల్ మీద భూమిని చుట్టి రావాలని, వచ్చే జూన్‌లో బయల్దేరాలని ప్లాన్. గిన్నిస్ నిబంధన ప్రకారం కనీసం 28,970 కి.మీ. తొక్కాలి, ఒకే దిశలో వెళ్లాలి, భూగోళం మీద ఒకదానికొకటి సరిగ్గా అటువైపు ఉండే రెండు చోట్లను తాకాలి. నావి స్పెయిన్, న్యూజిలాండ్. పుణె అమ్మాయి వేదాంగి కులకర్ణి 2018లో 159 రోజుల్లో 29,000 కి.మీ. పూర్తి చేసింది; నా లక్ష్యం 150.

రోజుకు 200 కి.మీ. పడుతుంది. ముందూ వెనకా బ్యాగులు కట్టుకుని ఒంగోలు వెళ్లొచ్చాను, కాళ్లు బాగానే ఒప్పుకున్నాయి. డబ్బు దగ్గరే ఆగింది.

విమానాలు, వీసాలు, బీమా, టైర్లు, తిండి కలిపి 18 లక్షలు. ఇంట్లో 4 ఇస్తామన్నారు. ట్రస్టు విరాళాల ఖాతా వేరు, అందులో పైసా ముట్టను.

కంపెనీల్లో సమాజసేవకు డబ్బు కేటాయించే సీఎస్ఆర్ విభాగాలకు మెయిళ్లు పెట్టాను. వ్యక్తులకు ఇవ్వరట, పైగా ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ లెక్కలోకే రాదట. మార్కెటింగ్ వాళ్లేమో ఇన్‌స్టా ఫాలోవర్లు ఎంతమంది అంటారు. 2,300 అనగానే "చూసి చెప్తాం తమ్ముడూ". క్రౌడ్‌ఫండింగ్ పేజీ చుట్టాలను దాటలేదు.

ఇలాంటి యాత్రకు డబ్బు తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: మీ మొదటి స్పాన్సర్ కంపెనీలో ఎవరిని కలిశారు, బదులుగా ఏమిస్తామని ఒప్పించారు?