ఏడుగురికి పాత బండి: ఇన్నోవానా, ఎర్టిగానా?

ప్రశ్న (అమలాపురం):
నమస్కారమండి. అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఏడుగురం, ఏడాదికి రెండుసార్లు తిరుపతి, ఒకసారి అరుణాచలం, ప్రతిసారీ అద్దె బండికే బోలెడు పోతోంది. సెకండ్‌హ్యాండ్‌లో ఇన్నోవా క్రిస్టా చూడాలా, ఎర్టిగా సరిపోతుందా? నాన్నకి మోకాళ్ల నొప్పులు.

జవాబు (పాలకొల్లు):
ముందు నాన్నగారిని రెండింట్లోనూ ఎక్కించి దించి చూడండి, ఇన్నోవా కాస్త ఎత్తు. ఎర్టిగాలో మూడో వరుస పిల్లలకైతే సరే, పెద్దవాళ్లు రాత్రంతా కూర్చోలేరు. సీఎన్‌జీదైతే సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, ఇక సామానంతా పైన క్యారియర్ మీదే.

జవాబు (రావులపాలెం):
తమ్ముడూ, నేను దెబ్బతిన్నవాణ్ణి. 2022 జూలై వరదల తర్వాత తళతళలాడే బండి చౌకగా వచ్చిందని ఎగబడి కొన్నాను, మూడు నెలలకే లైట్లు వాటంతట అవే వెలగడం మొదలైంది, మెకానిక్ కార్పెట్ ఎత్తితే కింద ఒండ్రు! మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. సీటు పట్టాల కింద తుప్పు ఉందేమో చూడు, సీటుబెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడు, ఏసీ వేసి వాసన పట్టు. అంతర్వేది వైపు సముద్రం పక్కన తిరిగిన బండైతే లిఫ్ట్ మీద పెట్టించి అడుగు భాగం కూడా చూడు, ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. ఇవన్నీ అయ్యాకే అడ్వాన్స్.

జవాబు (భీమవరం):
హైదరాబాద్ బండి చౌకే, కానీ వేరే రాష్ట్రం కదా, అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపి బేరమాడండి.

అడిగినవారు:
ఆయ్, సీటుబెల్టు సంగతి అసలు తట్టలేదన్నయ్యా. ఆదివారం నాన్నని తీసుకుని రాజమండ్రి వెళ్తున్నాం.