ఏసీఎల్ తెగిన మోకాలు పక్కకు తిరిగేటప్పుడే ఎందుకు పట్టు తప్పుతుంది?

కావలి పీఈటీ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా పూర్వ విద్యార్థి ఒకడు మంచి రైడర్. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లి, మధ్య గీత వైపు మళ్లబోతుండగా అతని కుడి పాదం మట్టిలో నిలిచిపోయి, ఒళ్లు మాత్రం తిరిగిపోయింది. మోకాలి లోపల టప్పుమన్న చప్పుడు తనకే వినిపించిందట. కాసేపటికే బాగా వాచింది. మోకాలి నడుమ ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) పూర్తిగా తెగిందని ఎంఆర్ఐలో వచ్చింది. ఇప్పుడు వాపూ నొప్పీ లేవు, సైకిల్ తొక్కుతున్నాడు, తారు రోడ్డు మీద తిన్నగా పరుగు కూడా తీస్తున్నాడు. అయితే పక్కకు మళ్లిన క్షణంలో మోకాలు లోపల జారినట్టయి కూలబడుతున్నాడు. మోకాలిని 90 డిగ్రీలు మడిచి, ముందుకు లాగి చూసిన ఒక వైద్యుడు వదులు పెద్దగా లేదన్నారు. తిన్నటి నడకకు ఆగే కీలు మలుపుకు ఎందుకు ఆగడం లేదు? ఆ మెలికను అదుపు చేసే లిగమెంట్ ఏది?

ఒంగోలు ఫిజియో:
మాస్టారూ, ముందు ఆ పరీక్ష సంగతి చెబుతాను. 90 డిగ్రీల మడతలో తొడ వెనుక కండరాలు బిగుసుకుని, లోపలి వైపు మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) వెనుక భాగం కూడా అడ్డుపడి, ఏసీఎల్ లేని లోటును కప్పిపుచ్చగలవు. అందుకే 20 నుంచి 30 డిగ్రీల మడతలో చేసే లాక్‌మన్ పరీక్షకే మేము ఎక్కువ విలువ ఇస్తాం. అయితే అది కూడా ముందుకు జారడాన్ని కొలుస్తుందే గాని మెలికను కాదు.

కాలు పూర్తిగా చాపినప్పుడు మోకాలు దాదాపు తిరగదు. చాపే చివరి 20 డిగ్రీలలో పిక్క ఎముక (టిబియా) కొద్దిగా బయటికి తిరిగి కీలు బిగుసుకుంటుంది. మళ్లీ మడవాలంటే మోకాలి వెనుక ఉన్న పాప్లిటియస్ అనే చిన్న కండరం ఆ బిగింపును విప్పాలి. మడత మొదలైన తరువాతే తిరగడానికి వీలు వస్తుంది. మీ కుర్రవాడు మలుపు తీసుకునేది సరిగ్గా ఆ కొద్దిపాటి మడతలోనే.

నెల్లూరు ఎముకల వైద్యుడు:
‘ఏ లిగమెంట్’ అన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పలేం, ఎందుకంటే మెలిక ఏ దిశలో వస్తోంది, మోకాలు ఎంత మడిచి ఉంది అన్నదాన్ని బట్టి భారం ఒకరి నుంచి మరొకరికి మారుతూ ఉంటుంది. పిక్క ఎముక లోపలికి తిరిగినప్పుడు మోకాలి నడుమ ఉన్న ఏసీఎల్, దాన్ని అడ్డంగా దాటే పీసీఎల్ అనే లిగమెంట్ రెండూ తాడు పురి ఎక్కినట్టు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని బిగుస్తాయి. బయటికి తిరిగినప్పుడు అవి విడివడతాయి, అప్పుడు భారం పక్కనున్న లిగమెంట్ల మీద పడుతుంది. ఏసీఎల్‌లోనే రెండు పాయలు ఉన్నాయి. ముందు పాయ మడిచినప్పుడు బిగుస్తుంది, వెనుక పాయ చాపినప్పుడు బిగుస్తుంది, కాబట్టి కొద్దిపాటి మడతలో వచ్చే మెలికకు వెనుక పాయే ఎక్కువగా ఎదురు నిలుస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఏసీఎల్ కీలు మధ్యలో, అంటే తిరుగుడు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. ఇరుసుకు అంత దగ్గర నుంచి లాగే లిగమెంట్ ఒంటరిగా మెలికను ఆపాలంటే చాలా బలం కావాలి. దూరంగా, మోకాలి బయటి అంచున ఉన్న కణజాలం అదే పనిని తక్కువ బలంతో చేయగలదు. తొడ బయటి పక్క నుంచి దిగే ఐటీ బ్యాండ్‌లో ఎముకకు అతుక్కున్న లోతు పోగులు, వాటి పక్కనే ఉన్న ఆంటీరోలాటరల్ లిగమెంట్ అక్కడ ఉన్నాయి. ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు పాల్ సెగాన్ 1879లోనే ఆ చోట ముత్యపు రంగులో మెరిసే గట్టి పట్టీని గుర్తించి, అది ఊడివచ్చే ఎముక పెచ్చును వర్ణించారు. ఈనాటికీ ఎక్స్‌రేలో ఆ పెచ్చు కనిపిస్తే ఏసీఎల్ తెగి ఉంటుందని మేము దాదాపు నిశ్చయించుకుంటాం. 2013లో బెల్జియం వైద్యులు ఆ లిగమెంట్‌ను వివరంగా వర్ణించిన తరువాత దాని మీద చర్చ మళ్లీ ఊపందుకుంది.

పిక్క ఎముక పైభాగం లోపలి వైపు గుంటగా ఉంటే బయటి వైపు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందువల్ల పట్టు పోయినప్పుడు మొదట జారేది బయటి సగమే. ఏసీఎల్ లేని కాలును చాపి, లోపలికి తిప్పి, బయటి నుంచి నెడుతూ మెల్లగా మడిస్తే, ముందుకు జారి ఉన్న ఆ బయటి సగాన్ని 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఐటీ బ్యాండ్ వెనక్కి లాగుతుంది. అప్పుడు పరీక్షించే చేతికి ఒక కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని పివట్ షిఫ్ట్ అంటాం. మీ ఆటగాడు ‘జారినట్టయింది’ అని చెప్పేది దాన్నే. భయంతో కాలు బిగబట్టిన మనిషిలో ఇది దొరకదు, మత్తు ఇచ్చినప్పుడే పూర్తిగా బయటపడుతుంది.

బయటి వైపు మెలిక సంగతి వేరు. దాన్ని ఆపేవి లోపలి పక్క లిగమెంట్ అయిన ఎంసీఎల్, వెనుక బయటి మూలన బయటి పక్క లిగమెంట్ అయిన ఎల్‌సీఎల్, పాప్లిటియస్ స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు), దాన్ని పిక్క బయటి పక్కనున్న సన్న ఎముక ఫిబ్యులాకు కట్టే చిన్న లిగమెంట్. బోర్లా పడుకోబెట్టి రెండు పాదాలనూ బయటికి తిప్పి చూసే డయల్ పరీక్షలో తేడా 30 డిగ్రీల మడతలోనే ఉంటే ఆ మూల దెబ్బతిన్నదని, 90 డిగ్రీలలోనూ ఉంటే పీసీఎల్‌ను కూడా అనుమానించాలని అర్థం. ఆ మూల దెబ్బను పట్టించుకోకుండా ఏసీఎల్ ఒక్కటే వేస్తే, కొత్త లిగమెంట్ మీద ఎడతెగని భారం పడి అది సాగిపోయే ప్రమాదం ఉంది.

కావలి పీఈటీ:
డాక్టర్ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. తొడ కండరాలు బాగా పెంచితే శస్త్రచికిత్స లేకుండా కబడ్డీ ఆడవచ్చా? చేయించుకుంటే బయటి పక్క కూడా ఏదైనా చేయాలా?

ఒంగోలు ఫిజియో:
తొడ వెనుక కండరాలు పిక్క ఎముకను వెనక్కి పట్టి ఉంచుతాయి, అందులో బయటి పక్క కండరం లోపలి మెలికకు కొంత అడ్డుగా కూడా నిలుస్తుంది. రోజువారీ పనులకు, తిన్నటి పరుగుకు ఇది చాలామందికి సరిపోతుంది. కబడ్డీలో మాత్రం నలుగురు పట్టుకుని లాగుతుండగా వచ్చే మెలిక, కండరం స్పందించే వ్యవధి కన్నా ముందే జరిగిపోతుంది. దయచేసి అతన్ని ఇప్పుడు కోర్టులోకి దించవద్దు. జారిన ప్రతిసారీ నలిగేది మెనిస్కస్.

నెల్లూరు ఎముకల వైద్యుడు:
నా అభిప్రాయమూ అదే. ఈ వయసులో, ఈ ఆటకు తిరిగి వెళ్లాలనుకుంటే ఏసీఎల్ పునర్నిర్మాణం చేయించడం మంచిది. రెండో ప్రశ్నకు: 14 నుంచి 25 ఏళ్ల వయసున్న 618 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. తొడ వెనుక స్నాయువుతో ఏసీఎల్ మాత్రమే వేసినవారిలో రెండేళ్లలో కొత్త లిగమెంట్ తెగినవారు 11 శాతం. దానికి తోడు ఐటీ బ్యాండ్ నుంచి ఒక పట్టీని తీసి బయటి పక్కన బిగించినవారిలో 4 శాతం. ఇది అందరికీ అక్కరలేదు గాని, పివట్ షిఫ్ట్ బలంగా ఉన్న కుర్ర ఆటగాళ్ల విషయంలో నేను దాని గురించి తప్పక మాట్లాడతాను. మీరు శస్త్రవైద్యుణ్ణి కలిసినప్పుడు పివట్ షిఫ్ట్, డయల్ పరీక్ష రెండూ చేశారా, మెనిస్కస్ వెనుక వేరు (అది ఎముకకు అతుక్కునే చోటు) చెక్కుచెదరకుండా ఉందా అని అడగండి. ఆ వేరు ఊడి ఉంటే ఏసీఎల్‌తో పాటే కుట్టించాలి.