ధూమ్రం పొగా, ఊదానా?

అరసున్న: చిన్నప్పుడు వల్లె వేసిన అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) ముక్కొకటి రెండ్రోజులుగా నోట్లో నానుతోంది. "ధూమ్రధూమలౌ ... లోహితే". మధ్యలో ఏమిటి? ఒక పుస్తకం అట్టకి ముదురు ఊదా వాడుతున్నాం (తెరమీద ఎరుపు 148, ఆకుపచ్చ 0, నీలం 211). "ధూమ్రవర్ణం" అని రాసి పంపితే డిజైనర్ బూడిదరంగు వేసింది.

శకటరేఫ: కృష్ణలోహితే. నలుపులో ఎరుపు. అక్కడితో అయిపోయింది.

వలపలగిలక: ఎక్కడయింది? ధూమం నుంచే కదా ధూమ్రం. ఆ అమ్మాయి వేసిందే సబబు. పొగ ఊదాగా ఉండటం ఎవరైనా చూశారా?

శకటరేఫ: దీపం ఆర్పి వత్తిని చూడండి. పొగ వెనక చీకటుంటే నీలి ఛాయ, వెలుగుంటే ఎర్రమట్టి ఛాయ. అమరసింహుడు కళ్లు మూసుకుని రాయలేదు.

నకారపొల్లు: నా సిద్ధాంతం వినండి. ఊదా మనకి ఉర్దూ నుంచి వచ్చింది. ఊదొత్తిలోని ఊదు, అరబ్బీలో అగరు చెక్క. ఊదాకి మూలం ఆ చెక్క రంగు అంటారు, నేను దాని పొగ అంటాను. అంటే ధూమ్రమూ ఊదా ఒకే పొయ్యిలోంచి వచ్చినవే!

వలపలగిలక: మరీ అందంగా కుదిరింది, అందుకే నమ్మను. అన్నట్టు పై వ్యాఖ్యల్లో ఎవరూ దీర్ఘం మింగలేదు, సంతోషం. "ఊద" అంటే చిరుధాన్యం.

శకటరేఫ: అసలు అమరంలో నీలమే నలుపు పద్దులో ఉంది, "కృష్ణే నీలాసితశ్యామ" అని. మరి పోతన "నల్లనివాడు" ఏ రంగు?

నకారపొల్లు: నల్లనివాడు నల్లనివాడే. నీలం పూసింది చిత్రకారులు. ఆ పద్యంలో నన్ను పట్టుకునేది రంగు కాదు, "కృపారసంబు పైఁ జల్లెడువాడు". అక్కడ "చల్లు" బదులు ఇంకేం వేసినా పద్యం ఎండిపోతుంది.

వలపలగిలక: అరసున్న పలకకపోతే కూడా ఎండిపోతుంది.

అరసున్న: నన్నేనా? అయ్యా, అట్ట రేపు అచ్చుకి వెళ్లాలి. నల్ల అక్షరాలు పెడితే తలకట్లు రంగులో మునిగిపోయాయి, తెల్లవి పెట్టాం. నాలుగు సిరాల్లో ఆ మెరుపు ఎలాగూ రాదు, నమూనా వంకాయ తొక్కలా వచ్చింది. ప్రస్తుతానికి ఫైలు పేరు "నేరేడు 2".

శకటరేఫ: నేరేడంటే పండు మీద రంగా, తిన్నాక నాలుక మీద మిగిలేదా?