చెలరేఁగి కొసరి… "తెచ్చిన"నా, "యిచ్చిన"నా?

ఆటబల్ల: మా డిప్లొమసీ ఆటకి (పొత్తులు కట్టి మ్యాప్ మీద కేంద్రాలు గెలుచుకునే బోర్డు ఆట) హౌస్ రూల్స్ తెలుగులో రాస్తున్నాను. చివరిదాకా వెంట నిలిచిన మిత్రుడికి ముట్టే పాయింట్లకి "కొసరు" అని పేరు పెట్టాను. అంతలో పోతన భాగవతంలో చిన్నికృష్ణుడు గొల్లపిల్లలతో చల్ది తినే పద్యం గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది. "చెలరేఁగి కొసరి" తర్వాత "తెచ్చిన"నా, "యిచ్చిన"నా? నిన్నట్నుంచి ఇదే గోల.

కంఠపాఠం: "తెచ్చిన యూరుఁగాయలు వ్రేళ్ళ సందులయందు వెలయ నిఱికి." చిన్నప్పుడు నేర్చుకున్నది, ఎలా మరిచిపోతాను!

సీసమాలిక: నేనూ "తెచ్చిన" అనే చదివాను. కానీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) పట్టుకుని తేల్చలేం. "యిచ్చిన" అన్నా మూడో గణం "చ్చి"తోనే మొదలవుతుంది, చె–చ్చి మైత్రి కుదురుతుంది, గణాలూ చెడవు. అర్థమే దిక్కు. కొసరడమంటే ఇంకాస్త కావాలని అడగడం. అడిగినవాడు తెస్తాడు, ఇవ్వడు.

పదశోధిని: ఒప్పుకోను. "కొసరి కొసరి వడ్డించింది" అంటాం కదా. అక్కడ కొసరేది పెట్టే చెయ్యి.

ఆటబల్ల: నా చిక్కు కూడా అదేనండీ! అసలు రూల్ ప్రకారం డ్రా అయితే మిగిలినవాళ్లందరికీ సమాన వాటా. మ్యాప్ మీది 34 కేంద్రాల్లో ముగ్గురికి 17, 16, 1 ఉన్నా తలా మూడో వంతే. మావాళ్లు ఎవరి కేంద్రాల సంఖ్యని వాళ్లకి వర్గం చేసి ఆ లెక్కన పంచమంటున్నారు: 289, 256, 1. అప్పుడు నూటికి దాదాపు 53, 47 పెద్దవాళ్లకే పోతాయి, మూడోవాడికి 0.2. ఇది కొసరా? విదిలింపు. ఆ ఒక్క సైన్యం కదలకుండా నిలబడబట్టే కదా 17 ఉన్నవాడు 18కి చేరి గెలవలేకపోయాడు!

సీసమాలిక: అయితే "పాలు" అనండి, వాటా అనే అర్థంలో. పాలు హక్కు, కొసరు దయ.

పదశోధిని: బేరంలో కొసరు దబాయించి తీసుకునేవాళ్లని చూడలేదా మీరు? దయ ఎక్కడుంది?

కంఠపాఠం: సీసం చివర వచ్చే ఎత్తుగీతి చూడండి. "సంగడీల నడుమఁ జక్కగఁ గూర్చుండి." ఇంకో పాదం దాటగానే కృష్ణుణ్ణి "యాగభోక్త" అంటాడు పోతన. యజ్ఞాల్లో హవిస్సు అందుకునేవాడు గొల్లపిల్లల మధ్య కూర్చుని చల్ది తింటున్నాడు. ఒక్క సమాసంతో అంత ఎత్తు నుంచి ఇంత దగ్గరికి దించాడు. ఇక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

ఆటబల్ల: "సంగడీడు"! మిత్రపక్షం ఆటగాడికి ఈ మాటే ఖాయం. బహువచనం "సంగడీలు" అని రాయనా, "సంగడికాండ్రు" అనాలా?

సీసమాలిక: "సంగడికాండ్రు" "సంగడికాడు"కి బహువచనం. అది వేరే మాట.

పదశోధిని: వేరే మాట ఎలా అవుతుందండీ?